హృదయపూర్వక సంతాపం?

సందేహం: మా అమ్మాయి ఫ్రాన్సులో చదువుతోంది. అద్దెకున్న ఇంటావిడ భర్త పోతే కార్డు మీద 'సేఁసేర్ కోఁదొలేఆఁస్' అని రాసిందట. దాన్ని నేను 'హృదయపూర్వక సంతాపం' అని తెలుగు చేశాను. 'హృదయపూర్వక' శుభాకాంక్షలకే చెల్లుతుందని మా బావగారు కొట్టిపారేశారు. ఎవరిది ఒప్పు?

సమాధానం: వ్యాకరణం మీ వైపు, వాడుక బావగారి వైపు. 'పూర్వకం' అంటే 'తో కూడిన' అనే. పెళ్లికీ చావుకీ హృదయం ఒకటే. అయినా చెవి ఒప్పుకోదు గనక నేనైతే 'ప్రగాఢ' అంటాను.

అసలు చూడాల్సింది రెండో మాట. ఫ్రెంచి మాటకు మూలం లాటిన్ 'కొందొలేరె'. 'కొన్' అంటే కలిసి, 'దొలేరె' అంటే నొప్పిపడటం. మన సంతాపంలో ఉన్నది 'తప్' ధాతువు, కాలడం. ఎవరి మంట వారిదే. ఆ లెక్కన 'సానుభూతి' దగ్గర. కానీ దాన్ని ఓట్లకు ఖర్చుపెట్టేశాం.

మాట అర్థం ఏదైనా, ఫ్రెంచి కవులందరూ పక్కన కూర్చుని కలిసి ఏడవలేదు. 16వ శతాబ్దం చివర మలెర్బ్ అనే కవి, కూతుర్ని పోగొట్టుకున్న మిత్రుడు ద్యు పెరియేను ఓదారుస్తూ పద్యాలు రాశాడు. ఎత్తుగడే 'అయితే నీ దుఃఖానికి ఇక అంతం లేదన్నమాట' అని నిలదీత! ఆ తర్వాతి గులాబీ చరణం అక్కడ చదువుకున్నవాళ్ల నోట ఇప్పటికీ ఆడుతుంది: ఆ పిల్ల గులాబీ, గులాబీలు బతికినంతసేపే బతికింది, ఒక్క ఉదయం పూట. ఇంకా ముందుకెళ్తే, తన మీదా రెండుసార్లు ఇలాంటి పిడుగే పడిందనీ, వివేకం పుణ్యమా అని ఇప్పుడు గుర్తే లేదనీ అంటాడు. గీతలో కృష్ణుడు ఉపదేశం మొదలుపెట్టింది కూడా 'అశోచ్యానన్వశోచస్త్వం', అంటే 'ఏడవక్కర్లేనివారి కోసం ఏడుస్తున్నావు' అనే కదా. నాకు మాత్రం గులాబీ చాలు. గుర్తే లేదన్న మాట నమ్మబుద్ధి కాదు.

ఫ్రెంచిలో మిగతా ఓదార్పు మాటలు: ఓదార్చడానికి 'కోఁసొలే', బరువు దించడానికి 'సులాజే', పరీక్ష పోయిన పిల్లాడికి 'సా వా అలే', అంటే మన 'ఏం కాదులే'.

మనవాళ్లు మాత్రం తొంభై దాటి నిద్రలో పోయిన పెద్దాయనకూ 'తీవ్ర దిగ్భ్రాంతి' ప్రకటిస్తున్నారు. దిక్కు తెలియకపోవడానికి అందులో ఏముంది? ఫోన్లో ఆర్ఐపీ అని కొట్టి చేతులు దులుపుకునేవారి సంగతి ఎత్తకపోవడమే మేలు. మీ అమ్మాయి నయం, కార్డు కొని చేత్తో రాసింది. రెండు మాటల చివరా 'ఎస్' వేసిందో లేదో ఒకసారి అడగండి. ఈ అర్థంలో అక్కడ బహువచనమే వాడుక; ఆ 'ఎస్' పలకదు, రాయక తప్పదు.