‘టాబ్లాయిడ్’ మందుబిళ్ళ పేరేనా?

సందేహం: విలేకరిగా పనిచేసే మా మిత్రుడు దినపత్రికతో పాటు వచ్చే జిల్లా అనుబంధాన్ని ‘ట్యాబ్లాయిడ్’ అంటారు. విదేశీ వార్తల్లోనేమో తారల సొంత సంగతులు, రాజకుటుంబం గుట్టుమట్లు రాసే లండన్ పత్రికలను ‘టాబ్లాయిడ్ పత్రికలు’ అని రాస్తున్నారు. ఈ మాటకు అర్థం పరిమాణమా, స్వభావమా? దీని పుట్టుక ఏమిటి? తెలుగులో ఏమనాలి?

సమాధానం: రెండర్థాలూ సరైనవే. కానీ ఈ మాట పత్రికల కోసం పుట్టినది కాదు, మందుల వ్యాపారంలో పుట్టినది. లండన్‌లో బరోస్ వెల్కమ్ అనే మందుల కంపెనీ, పొడి మందును యంత్రంతో నొక్కి గట్టి బిళ్ళలుగా చేసి అమ్ముతూ, వాటికోసం హెన్రీ వెల్కమ్ కల్పించిన ‘టాబ్లాయిడ్’ అనే పేరును 1884లో వ్యాపారచిహ్నంగా నమోదు చేయించుకుంది. ‘టాబ్లెట్’లోని మొదటి భాగానికి, ‘వంటిది’ అనే అర్థమిచ్చే గ్రీకు ప్రత్యయాన్ని చేర్చగా ఏర్పడిన పదమిది. టాబ్లెట్‌కు మూలం పలక అనే అర్థమున్న లాటిన్ ‘టాబులా’. చిన్న పలక వంటిది కాబట్టి మందుకు ఆ పేరు వచ్చింది. మనవాళ్ళు ఇంగ్లీషు నిఘంటువు చూడకుండానే దాన్ని ‘బిళ్ళ’ అన్నారు. పెంకుబిళ్ళలోనూ, ఇత్తడి బిళ్ళ ధరించే బిళ్ళబంట్రోతులోనూ ఉన్నది ఈ బిళ్ళే. చదునుగా, చిన్నదిగా ఉండటమే అన్నింటికీ సామాన్యగుణం. కనుక టాబ్లాయిడ్‌ను అక్షరాలా తెలిగిస్తే ‘బిళ్ళవంటిది’ అవుతుంది.

ఎక్కువ సరుకును కొద్ది చోటులో ఇమిడ్చినది అన్న భావం జనానికి నచ్చడంతో, మందులతో సంబంధం లేని వాటికి కూడా ఈ మాట వాడటం మొదలైంది. కంపెనీ తన హక్కు కోసం దావా వేసి 1903లో గెలిచింది. అయినా వాడుకను ఏ తీర్పు ఆపగలదు? అప్పటికే 1901 జనవరి 1న, లండన్ ‘డైలీ మెయిల్’ అధిపతి ఆల్ఫ్రెడ్ హార్మ్స్‌వర్త్, ‘న్యూయార్క్ వరల్డ్’ యజమాని జోసెఫ్ పులిట్జర్ ఆహ్వానం మీద ఆ పత్రికకు ఒక్కరోజు సంపాదకత్వం వహించి, దాన్ని సగం పరిమాణంలో, ఏ వార్తా 250 మాటలు మించరాదన్న నియమంతో వెలువరించారు. ఆ దశలో పత్రికల విషయంలో టాబ్లాయిడ్ అంటే ‘సంక్షిప్తం’ అనే అర్థం. పుట చిన్నదన్న అర్థం దాన్ని అనుసరించి వచ్చింది: పెద్ద దినపత్రిక పుటను అడ్డంగా సగానికి మడిస్తే వచ్చే కొలతే టాబ్లాయిడ్. 1919లో మొదలైన న్యూయార్క్ ‘డైలీ న్యూస్’ వంటి పత్రికలు ఈ కొలతలోనే బొమ్మలతో, నేరవార్తలతో లక్షల పాఠకులను సంపాదించడం వల్ల కొలత పేరు కాస్తా స్వభావానికి పేరైంది. ఈ మూడో అర్థం ఎంత బలపడిందంటే, లండన్ ‘టైమ్స్’ 2004లో చిన్న పుటకు మారినప్పుడు టాబ్లాయిడ్ అనిపించుకోవడానికి ఇష్టపడక ‘కాంపాక్ట్’ అని చెప్పుకుంది.

మీ మిత్రుడి వాడుకలో ఉన్నది రెండో అర్థం, అంటే పుట కొలత. అందులో నిందేమీ లేదు. సంచలనం కోసం వార్తలను పెంచి రాయడాన్ని చెప్పే ‘ఎల్లో జర్నలిజం’ మాత్రం వేరే మాట. 1890లలో న్యూయార్క్ పత్రికలు పోటీపడి వేసిన ‘ఎల్లో కిడ్’ అనే బొమ్మల కథకు సంబంధించినది అది. దానికి పుట కొలతతో సంబంధం లేదు.

ఇక తెలుగు చేయడం. మూడర్థాలకూ ఒకే మాట కుదరదు కనుక సందర్భాన్ని బట్టి అనువదించాలి. కొలతను చెప్పేటప్పుడు ‘సగం సైజు పత్రిక’, స్వభావాన్ని చెప్పేటప్పుడు ‘సంచలన పత్రిక’ అనడం మేలు. ‘చిన్న పత్రిక’ అనకూడదు. తక్కువ ప్రతులు అమ్ముడయ్యే పత్రికలకు ఆ పేరు మనకు ఇదివరకే స్థిరపడింది. ‘మాత్రాపత్రిక’ అనవచ్చునని ఎవరికైనా తోచవచ్చు, ఎందుకంటే సంస్కృతంలో కొలతను, స్వల్పతను చెప్పే ‘మాత్ర’ మనకు మందుబిళ్ళ కూడా అయింది. పోలిక ముచ్చటైనదే గాని, వినేవారికి వైద్యపత్రిక అనిపిస్తుంది కాబట్టి నేను సిఫార్సు చేయను. ఇంగ్లీషు మాటనే ఉంచదలిస్తే, ‘ట్యాబ్లెట్’ అని రాసేవారు ‘ట్యాబ్లాయిడ్’ అనీ, ‘టాబ్లెట్’ అని రాసేవారు ‘టాబ్లాయిడ్’ అనీ రాయాలి. ఒకే వ్యాసంలో రెండు రూపాలూ కలపరాదు.