నడిచే కోడ్‌కి వార్నింగ్ దేనికి?

ప్రశ్న: సీ ప్రోగ్రామ్‌లో ఇఫ్ కండిషన్‌లోనే ఎఫ్‌ఓపెన్‌తో ఫైల్ తెరిచి, పాయింటర్‌ని వేరియబుల్‌లో పెట్టుకుంటున్నా. ప్రోగ్రామ్ బాగానే నడుస్తోంది. అయినా కంపైలర్ ‘పాజిబ్లీ ఇన్‌కరెక్ట్ అసైన్‌మెంట్’ అంటోంది. వార్నింగ్ కనబడితే ల్యాబ్‌లో సార్ మార్కులు కోస్తారు. ఆపేదెలా?
– బీటెక్ విద్యార్థి, తిరుపతి

జవాబు: ల్యాబ్ పరీక్షలొస్తే చాలు, చిత్తూరు, తిరుపతి కాలేజీల నుంచి ఇదే ప్రశ్న. ఎందుకొచ్చిందని అడిగేవాళ్లు తక్కువ, ఆపేదెలా అనేవాళ్లే అందరూ.

మీ కోడ్ తప్పేం కాదు. కానీ సమానమా అని పోల్చే == కొట్టబోయి, విలువ వేసే ఒక్క = కొట్టినా కంపైలర్‌కి అచ్చం ఇలాగే కనబడుతుంది. అందుకే అడుగుతుంది, అడగాలి కూడా. జీసీసీ అనే కంపైలర్‌లోనైతే అసైన్‌మెంట్ చుట్టూ ఇంకో జత బ్రాకెట్లు పెడితే ఊరుకుంటుంది. మీ ల్యాబ్‌లోని ఆ పాత నీలి స్క్రీన్ కంపైలర్‌లో అసైన్‌మెంట్‌ని పై లైన్‌కి మార్చేయండి, చదివేవాళ్లకీ సుఖం.

ఆ అదనపు బ్రాకెట్ల చాటునే 2003 నవంబరులో ఎవరో లినక్స్ కెర్నెల్ (ఆ ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగం) కోడ్ కాపీ ఒకదాంట్లోకి దొంగ లైను చొప్పించారు. యూజర్ ఐడీ సున్నానా అని చూస్తున్నట్టుంటుంది, ఉన్నది మాత్రం ఒక్క =. కిటుకు తెలిసినవాడి ఐడీ సున్నా అయిపోయి, నేరుగా రూట్, అంటే సర్వాధికారాలున్న యూజర్, అయిపోతాడు. అసలు కోడ్‌తో తేడా వచ్చి దొరికిపోయింది.

దొంగల సంగతి సరే, వార్నింగ్ పోతే చాలనుకునే మంచివాళ్లంటేనే నాకు దడ. 2006లో డెబియన్ అనే లినక్స్ రకంలో, ఎన్‌క్రిప్షన్‌కి వాడే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ ప్యాకేజీని మెమరీ తప్పులు పట్టే వాల్‌గ్రైండ్‌తో పరీక్షిస్తే, విలువ వేయని మెమరీ వాడుతున్నారని గోల పెట్టింది. ఆ గోల పడలేక రెండు లైన్లు పనిచేయకుండా కామెంట్ చేసేశారు. నిజానికి మెమరీని అలా వాడటం వల్ల నష్టమేమీ లేదు. తీసేసినవాటిలో ఒకటి మాత్రం రహస్య కీలు పుట్టించే ర్యాండమ్ నంబర్లకు ముడిసరుకు అందించే లైను! ఇక మిగిలింది ప్రాసెస్ ఐడీ, అంటే నడిచే ప్రోగ్రామ్‌కి సిస్టమ్ ఇచ్చే నంబరు, ఒక్కటే. దాంతో ఒక రకం మెషీన్‌లో, ఒక సైజులో పుట్టగల ఎస్‌ఎస్‌హెచ్ కీలు (దూరం నుంచి సర్వర్‌లోకి లాగిన్ అయ్యే తాళాలు) సుమారు 32,768కి పడిపోయాయి. అన్నీ ముందే తయారుచేసి పెట్టుకుని, ఒక్కొక్కటే సర్వర్ మీద ప్రయోగించి చూడొచ్చు. సంగతి బయటపడింది 2008 మేలో. అప్పటిదాకా అవే తాళాలతో సర్వర్లు నడిచాయి, తర్వాత అన్నీ మార్చుకోవాల్సి వచ్చింది.

ఇక మీ సార్‌కి ఒక మాట. వార్నింగ్‌కి మార్కులు కోస్తే పిల్లలు నేర్చేది వార్నింగులు ఆపేసే ప్రాగ్మా లైను కాపీ కొట్టడం. మొన్నొక దర్శనం టోకెన్ల మినీ ప్రాజెక్టు చూశా. మొదట్లోనే వార్నింగులన్నీ బంద్. కింద విలువ చదివే స్కాన్‌ఎఫ్‌లో వేరియబుల్ ముందు ఉండాల్సిన & లేదు. కంపైలర్ ఇట్టే పట్టిచ్చే తప్పది. మార్కులు కోసే బదులు, ఈ వార్నింగ్ ఎందుకొచ్చిందో వైవాలో అడగండి సార్.