ప్రవచనసారం అంటే ఏమిటి?

ప్రశ్న: బైబిల్లోని ప్రకటన గ్రంథం 19:10లో "యేసునుగూర్చిన సాక్ష్యము ప్రవచనసారము" అని ఉంది. మరి ప్రవచనమంటే భవిష్యత్తు చెప్పడం కాదా?

జవాబు: భవిష్యత్తూ ఉంటుందమ్మా, కానీ దానికి ప్రాణం క్రీస్తే. ఆ గ్రంథం రాసిన యోహాను ఒక దేవదూత కాళ్ల మీద పడితే, ఆ దూత "వద్దు సుమీ" అని ఆపి, దేవునికే నమస్కరించమన్నాడు. ఈ మాట అక్కడే వస్తుంది. గ్రీకు మూలంలో ఇది యేసు ఇచ్చిన సాక్ష్యం కావచ్చు, యేసు గురించిన సాక్ష్యమూ కావచ్చు. నాకు రెండూ ముఖ్యమే. రోమా అధిపతి పిలాతు ఎదుట యేసే సత్యానికి సాక్షిగా నిలిచాడు. ఆ సాక్ష్యం కోసమే యోహాను పత్మాసు ద్వీపంలో ఉన్నాడు (ప్రకటన 1:9).

వయసులో ఉన్నప్పుడు ఈ గ్రంథం చదువుతూ తేదీలు లెక్కేసి ఒక నోట్‌బుక్ నింపాను. టెన్షన్ తప్ప ఏమీ మిగల్లేదు. ఇప్పుడు ఏ ప్రవచనం విన్నా, సిలువ వేయబడి లేచిన యేసు అందులో కనిపిస్తున్నాడా అని ముందు చూస్తాను.