వైఫై గుర్తే మాయమైంది, మదర్‌బోర్డు మార్చాల్సిందేనా?

ప్రశ్న: మాది మంగళగిరి. ఇంట్లోనే చేనేత చీరల వ్యాపారం చేస్తాను. అయిదేళ్ళ కిందట కొన్న ల్యాప్‌టాప్‌లోనే ఆర్డర్లు, లెక్కలు అన్నీ చూసుకుంటాను. పది రోజులుగా అందులో వైఫై గుర్తు లేదు. ఆ చోట భూగోళం బొమ్మ వచ్చింది. సెట్టింగ్స్‌లో వైఫై అనే వరుసే లేదు. బ్లూటూత్ కూడా పోయింది. ఇంట్లో ఫోన్లకు మాత్రం వైఫై బాగానే వస్తోంది. మొదటి రెండు మూడు రోజులు పొద్దున కాసేపు కనిపించి, తర్వాత పోయేది. ఇప్పుడు అదీ లేదు. రోజూ రాత్రి షట్‌డౌన్ చేసి పొద్దున ఆన్ చేస్తున్నా మార్పు లేదు. షాపులో చూపిస్తే మదర్‌బోర్డు పోయింది, పద్నాలుగు వేలు అవుతుందన్నారు. బాగు చేయించాలా, కొత్తది కొనాలా?
- ఒక పాఠకురాలు

జవాబు: ఈ వారం రెండూ వద్దమ్మా. ముందు మీ ఆర్డర్లు ఆగకుండా చూసుకోండి. ఫోనును ఛార్జింగ్ తీగతో ల్యాప్‌టాప్‌కు తగిలించి, ఫోను సెట్టింగ్స్‌లో యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయండి. ఇంటర్నెట్ వచ్చేస్తుంది. ఆ తీగ డేటా పంపేదై ఉండాలి, ఛార్జింగ్‌కు మాత్రమే పనికొచ్చే చవక తీగతో రాదు. ఇక తీరిగ్గా రోగం సంగతి చూద్దాం.

మీరు మాటవరసకు రాసిన ఒక వాక్యం దగ్గర నేను ఆగిపోయాను. పొద్దున కాసేపు కనిపించి తర్వాత పోయేదని రాశారు. డ్రైవరు, అంటే ల్యాప్‌టాప్ లోపలి వైఫై కార్డుతో మాట్లాడే సాఫ్ట్‌వేర్, చెడిపోతే పొద్దునా చెడే ఉంటుంది, మధ్యాహ్నమూ చెడే ఉంటుంది. చల్లగా ఉన్నప్పుడు ఒకలా, వేడెక్కాక ఒకలా నడిచేవి లోహపు అతుకులు. బ్లూటూత్ కూడా పోయిందన్నది రెండో ఆధారం. వైఫై, బ్లూటూత్ ఒకే చిన్న కార్డు మీద ఉంటాయి, కానీ కంప్యూటర్‌తో వేర్వేరు దారుల్లో మాట్లాడతాయి. ఒక్కటే పోతే డ్రైవరును అనుమానించాలి. రెండూ ఒకేసారి పోతే కార్డుకో, దానికి కరెంటు అందే చోటుకో ఏదో అయిందని నా అనుమానం. అయినా అనుమానంతో స్క్రూలు విప్పకూడదు. పైసా ఖర్చు లేని పరీక్షలు ఇంకా మిగిలి ఉన్నాయి.

రోజూ రాత్రి మీరు చేస్తున్నది పూర్తి షట్‌డౌన్ కాకపోవచ్చు. 2012లో విండోస్ 8తో ఫాస్ట్ స్టార్టప్ అనే ఏర్పాటు వచ్చింది. షట్‌డౌన్ నొక్కినప్పుడు విండోస్ తన లోపలి స్థితిని డిస్కులో దాచుకుని, పొద్దున దాన్నే తిరిగి తెచ్చుకుంటుంది. పరిచిన చీరలు మడత పెట్టకుండానే షట్టరు దించి, మర్నాడు షట్టరు ఎత్తి అక్కడి నుంచే బేరం మొదలుపెట్టినట్టు! రాత్రి దారి తప్పిన పరికరం పొద్దున కూడా దారి తప్పే ఉండే అవకాశం ఉంది. రీస్టార్ట్ చేస్తే ఈ దాపరికం ఉండదు. షిఫ్ట్ మీట పట్టుకుని షట్‌డౌన్ నొక్కినా ఉండదు.

అలా షిఫ్ట్ పట్టుకుని ఆపాక, ఛార్జరు తీసేయండి. యూఎస్‌బీకి తగిలించినవన్నీ పీకేయండి. పవర్ బటన్‌ను గడియారం చూసుకుంటూ 60 సెకన్లు నొక్కి పట్టుకోండి. మధ్యలో వెలిగి ఆరినా వదలకండి. తర్వాత ఛార్జరు పెట్టి ఆన్ చేయండి. బ్యాటరీ లోపలే బిగించి ఉండే ల్యాప్‌టాప్‌లలో, ఆపేసినా కొన్ని చిప్‌లకు కాస్త కరెంటు అందుతూనే ఉంటుంది. బిగుసుకుపోయిన చిప్ అందుకే బిగుసుకుపోయే ఉంటుంది. చాలా ల్యాప్‌టాప్‌లలో ఇలా నొక్కి పట్టుకుంటే ఆ కరెంటు తెగుతుంది. నా దగ్గరికి వచ్చినవారిలో కొందరు ఈ ఒక్క పనితోనే బాగుపడి, నాకు ఫీజు ఇవ్వకుండా వెళ్ళిపోయారు.

అప్పటికీ రాకపోతే విండోస్ మీట, ఎక్స్ కలిపి నొక్కి డివైస్ మేనేజర్ తెరవండి. పైన ఉన్న వ్యూ మెనూలో దాగిన పరికరాలను చూపించే వరుసను నొక్కి, నెట్‌వర్క్ అడాప్టర్ల కింద చూడండి. వైఫై పేరు మీద పసుపు త్రికోణం ఉంటే సంతోషించండి, కార్డు కనిపిస్తోందన్న మాట. ల్యాప్‌టాప్ కంపెనీ సైటు నుంచి మీ మోడల్‌కు సరిపోయే డ్రైవరు వేసుకోండి. కిందికి చూసే బాణం ఉంటే ఎవరో ఆపేశారు, కుడి క్లిక్ చేసి తిరిగి ఆన్ చేయండి. పేరు మసకగా ఉండి, తెరిచి చూస్తే 45 నంబరు సందేశం ఉంటే మాత్రం, ఒకప్పుడు ఉన్న ఆ పరికరం ఇప్పుడు కంప్యూటర్‌కు అసలు అందడం లేదని అర్థం. మీకు ఇదే కనిపిస్తుందని నా ఊహ. ఆ మసక పేరును అక్షరం పొల్లు పోకుండా కాగితం మీద రాసుకోండి, దానితో పని ఉంది.

బయోస్‌లో, అంటే విండోస్ కంటే ముందే నడిచే మూల సెట్టింగ్స్‌లో, వైర్‌లెస్‌ను ఆపే వరుస ఉందేమో కూడా ఒకసారి చూడండి. తెలిసిన కుర్రాళ్ళెవరైనా ఉంటే విండోస్‌కు బదులు నడిచే లినక్స్ అనే వ్యవస్థ ఉన్న పెన్‌డ్రైవుతో ల్యాప్‌టాప్ తెరిచి చూడమనండి. అక్కడ వైఫై వస్తే తప్పు విండోస్‌ది. అక్కడా కార్డు జాడ లేకపోతే ఇక విప్పాల్సిందే.

కాకినాడలో ఇరవై రెండేళ్ళు ఇదే పని చేశాను. సముద్రపు గాలి వల్ల అక్కడ కార్డు అంచులకు తొందరగా మసక పట్టేది. చాలా ల్యాప్‌టాప్‌లలో అడుగు మూత తీస్తే బొటనవేలి గోరుకు కాస్త పెద్దదిగా, ఒకే ఒక్క స్క్రూతో ఆగిన కార్డు ఉంటుంది. 22 మిల్లీమీటర్ల వెడల్పు, 30 మిల్లీమీటర్ల పొడవు. రెండు సన్నని తీగలు, చివర్లలో బంగారు రంగు గుండీలు. ముందు బ్యాటరీ తీగ ఊడదీయాలి, ఇది మరవకూడదు. ఏ తీగ ఏ గుండీకి ఉందో ఫోనుతో ఫొటో తీసుకుని, గుండీలను నిటారుగా పైకి ఎత్తాలి. పక్కకు లాగితే విరుగుతాయి. స్క్రూ తీయగానే కార్డు ఒక పక్క దానంతటదే పైకి లేస్తుంది. దాని బంగారు అంచును పిల్లలు వాడే తెల్ల రబ్బరుతో మెల్లగా నాలుగుసార్లు రుద్ది, పొట్టు దులిపి, తిరిగి పెట్టాలి. గుండీ సరిగ్గా కూర్చుంటే వేలికి చిన్న టిక్కు తగులుతుంది. ఇదంతా మీరు చేయనక్కర్లేదు. మీ కళ్ళముందు చేసే షాపు వెతుక్కోండి. కొన్ని పలుచని మోడళ్ళలో కార్డు బోర్డుకే అతికించి ఉంటుంది, వాటికి ఈ వైద్యం లేదు.

శుభ్రం చేసినా రాకపోతే వేరే కార్డు పెట్టి చూడమనండి. కాగితం మీది పేరు ఇక్కడ పనికొస్తుంది. ఇంటెల్ కంపెనీ ఏఎక్స్200, ఏఎక్స్210 కార్డులు మామూలు రకం, సొంతంగా నడుస్తాయి. ఏఎక్స్201 చూడటానికి అలాగే ఉంటుంది కానీ అందులో ఉండేది సగమే, మిగతా సగం పని ల్యాప్‌టాప్‌లోని ఇంటెల్ చిప్ చేస్తుంది. ఏఎమ్‌డీ ప్రాసెసర్ ఉన్న ల్యాప్‌టాప్‌లో దాన్ని పెడితే కనిపించదు. పేరులో చివరి అంకె చూడకుండా కొని, కొత్త కార్డు కూడా పాడైందనుకునేవారు చాలామంది. కార్డు ధర రెండు వేలకు అటూ ఇటూగా ఉంటుంది.

మీ షాపతను అబద్ధమే చెప్పాడని నేను అనను. మీది ఆ సగం రకమై, సరైన కొత్త కార్డు కూడా కనిపించకపోతే తప్పు బోర్డులో ఉండొచ్చు. కానీ ఇంకో కార్డు పెట్టి చూశారా అని అడగండి. లేదంటే పద్నాలుగు వేల మాటకు ఆధారం లేదు. నిజంగా బోర్డే పోయినా, నాలుగైదు వందలకు దొరికే యూఎస్‌బీ వైఫై పరికరం పక్కన గుచ్చుకోండి. చీరల లెక్కలకు అది చాలు.

ప్రశ్న: విశాఖపట్నంలో హాస్టల్లో ఉంటాను. ల్యాప్‌టాప్‌లో ర్యామ్ మార్పించినప్పటి నుంచి వైఫై కనిపిస్తోంది కానీ, రౌటరు ఉన్న గదిలో తప్ప సిగ్నల్ రావడం లేదు. కార్డు పోయిందా?

జవాబు: కార్డు బాగానే ఉంది నాయనా. ఇందాక చెప్పిన గుండీలలో ఒకటో రెండో ఊడి ఉంటాయి. ఆ తీగలు చాలా ల్యాప్‌టాప్‌లలో మడతబందు లోంచి తెర చుట్టూ వెళ్ళి యాంటెన్నాలుగా పనిచేస్తాయి. అవి ఊడితే పక్కనే ఉన్న రౌటరు మాత్రమే వినిపిస్తుంది. ర్యామ్ మార్చినవారి దగ్గరికే తీసుకెళ్ళు. ఊడదీసింది వారే కాబట్టి గుండీ నొక్కడానికి డబ్బు అడిగితే ఇవ్వకు.