మనీబ్యాక్ సంతకానికి ముందు పే స్లిప్ చూడండి

ప్రశ్న: మా ఆయన ఫైర్‌మన్, వయసు 34. ఇద్దరు పిల్లలు, పెద్దది రెండో తరగతి. చేతికి నెలకు 45 వేల దాకా వస్తుంది. ఇంటి లోన్ ఇంకా 9 లక్షలు ఉంది. మా వీధిలోని ఏజెంటుగారు 5 లక్షల మనీబ్యాక్ (మధ్యమధ్యలో కొంత డబ్బు తిరిగిచ్చే) పాలసీ చేయమంటున్నారు, ఏడాదికి 38 వేలు. మా ఆయనేమో "జీతంలో గవర్నమెంటు ఇన్సూరెన్స్ కోస్తూనే ఉన్నారు, మళ్లీ ఎందుకు?" అంటారు. గట్టిగా అడిగితే "అపశకునం మాటలు మాట్లాడకు" అని లేచి వెళ్లిపోతారు. ఏం చేయమంటారు?
- ఒక సోదరి, కాకినాడ

జవాబు: చెల్లెమ్మా, మా ఇంట్లోనూ ఇదే గొడవ. మా ఆయన లీడింగ్ ఫైర్‌మన్‌గా రిటైరయ్యారు. నేను ఇరవై రెండేళ్లు ఇన్సూరెన్స్ ఏజెంటుగా ఊరంతా తిరిగాను. అందరి చేతా సంతకాలు పెట్టించానుగానీ మా ఆయన చేత పెట్టించడానికి నాలుగేళ్లు పట్టింది.

ముందు ఆ "కోస్తున్నారు" అన్న మాట చూద్దాం. పే స్లిప్ తీయండి. ఏపీజీఎల్ఐ (రాష్ట్ర ప్రభుత్వ జీవిత బీమా), జీఐఎస్ (ఉద్యోగుల గ్రూప్ బీమా) అని రెండు కోతలుంటాయి. జీఐఎస్ మీద పెద్ద ఆశ పెట్టుకోవద్దు. యూనిట్‌కు బీమా 15 వేలు, చిన్న ఉద్యోగికి ఉండేది ఒకటి రెండు యూనిట్లే. ఏపీజీఎల్ఐ మంచి పథకం. 1907లో నిజాం తన ఉద్యోగుల కోసం మొదలుపెట్టినది ఇప్పటికీ నడుస్తోంది. కానీ అందులో ఒక మెలిక ఉంది. పీఆర్సీ (జీతాల సవరణ) వచ్చి ప్రీమియం పెరిగినప్పుడు, పెరిగిన మొత్తానికి మళ్లీ ప్రపోజల్ ఫారం పంపి పాలసీ తెచ్చుకోవాలి. జీతంలో కోత పడినంత మాత్రాన పాలసీ పుట్టదు. మా ఆయన బ్యాచ్‌మేట్ ఒకాయనకు ఏళ్ల తరబడి పెరిగిన ప్రీమియం కోశారు, ఫారం మాత్రం ఆఫీసు బల్ల దాటలేదు. ఆయన పోయాక పాత పాలసీ డబ్బు వచ్చింది. పెరిగిన భాగానికి, కట్టిన డబ్బు మాత్రమే వెనక్కి ఇచ్చారు. ఆ రోజు వాళ్లావిడ మా వంటింటి గడప మీద కూర్చుని పే స్లిప్పులు ఒక్కొక్కటే చూపించడం నాకింకా కళ్లకు కట్టినట్టే ఉంది. మీ దగ్గర ఎన్ని పాలసీ బాండ్లున్నాయి, పే స్లిప్‌లోని కోతకు అవి సరిపోతున్నాయా, ఈ వారమే చూసుకోండి.

నామినీ పేరూ చూడండి. పెళ్లికి ముందు ఉద్యోగంలో చేరినవాళ్లు అమ్మ పేరు రాసి వదిలేస్తారు. మీ అత్తగారు మంచావిడే కావచ్చు, అయినా ఆఫీసు చూసేది కాగితాన్నే కదా. మార్చిన నామినేషన్ సర్వీస్ రిజిస్టర్‌లో ఎక్కిందో లేదో ఆయన్నే స్వయంగా చూసి రమ్మనండి.

ఇక మనీబ్యాక్. నేనూ చాలా అమ్మాను, కమీషనూ తీసుకున్నాను, కాబట్టి మొహమాటం లేకుండా చెబుతాను: మీకిప్పుడు అది వద్దు. అప్పే 9 లక్షలున్న ఇంటికి 5 లక్షల బీమా ఏ మూలకు? టర్మ్ పాలసీ, అంటే గడువులోగా మనిషి పోతేనే ఇంటివాళ్లకు డబ్బిచ్చేది, తీసుకోండి. మీ ఏడాది ఆదాయానికి పది పన్నెండు రెట్లు, దాని మీద ఇంటి లోన్ కలిపితే 65, 70 లక్షలు. సిగరెట్ అలవాటు లేకపోతే ప్రీమియం ఆ 38 వేలలో సగం కూడా కాదు. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత జీవిత బీమా ప్రీమియం మీద జీఎస్టీ కూడా లేదు.

"ప్రమాద బీమా చాలదా? మాకు వచ్చేది ప్రమాదాలేగా" అని స్టేషన్లో చాలామంది అంటారు. చాలదు. ప్లాస్టిక్ గోడౌన్ కాల్‌కు వెళ్లొచ్చిన రోజు మా ఆయన తుమ్మితే రుమాలు నల్లబడేది, చొక్కా మూడు ఉతుకులకైనా వాసన వదిలేది కాదు. ఆ పొగ ఎప్పుడు ఏం చేస్తుందో ఎవరికి తెలుసు? 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వారి క్యాన్సర్ పరిశోధన సంస్థ ఫైర్‌మన్ వృత్తిని క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది. క్యాన్సరొచ్చినా గుండెపోటొచ్చినా ప్రమాద బీమా పలకదు, టర్మ్ పాలసీ పలుకుతుంది. ఫారంలో ఉద్యోగం దగ్గర "గవర్నమెంటు సర్వీస్" అని దాటేయకండి. ఫైర్‌మన్ అనే రాయండి, మంటల దగ్గరికి వెళ్తాననే రాయండి. కాస్త ఎక్కువ అడిగితే అడగనివ్వండి. దాచితే రేపు క్లెయిమ్ దగ్గర మీరే నిలబడాలి.

ఇంకొకటి, ఇది చాలామందికి తెలియదు. పాలసీ తీసుకునేటప్పుడే 1874 నాటి వివాహిత స్త్రీల ఆస్తి చట్టం కింద రాయించమనండి. అప్పుడు ఆ డబ్బు మీకూ పిల్లలకూ తప్ప అప్పులవాళ్లకు పోదు. తోటి ఉద్యోగి చిట్టీకి ష్యూరిటీ సంతకం పెట్టని గవర్నమెంటు ఉద్యోగి మన దగ్గర ఎవరున్నారు చెప్పండి! అయితే ఒకసారి రాశాక పేర్లు మార్చడం కుదరదు, చూసి రాయించండి.

అపశకునం సంగతంటారా, నేనేం చేశానో చెబుతాను. 1944 ఏప్రిల్ 14న బొంబాయి రేవులో ఓడ పేలి 66 మంది అగ్నిమాపక సిబ్బంది పోయారు. ఏటా అదే రోజు అగ్నిమాపక వారోత్సవాలు మొదలవుతాయి. ఒక ఏడాది మా ఆయన చొక్కాకు జెండా పెట్టుకుని ఇంటికొస్తే, కాఫీ చేతికిచ్చి ట్రంకుపెట్టె ముందు పెట్టాను. "ఆ 66 మంది ఇళ్లలో కాగితాలు ఎవరు వెతికారో?" అన్నాను. ఆయన మాట్లాడలేదు. కాఫీ తాగి, కళ్లజోడు పెట్టుకున్నారు.

ప్రశ్న: మా అబ్బాయి ఒక కెమికల్ ఫ్యాక్టరీ ఫైర్ వింగ్‌లో కాంట్రాక్టు మీద చేస్తున్నాడు. పీఎఫ్ కోస్తున్నారు. వాడికి ఏముంటుంది?
- ఒక తండ్రి, అనకాపల్లి

జవాబు: పీఎఫ్ ఉంటే ఈడీఎల్ఐ (ఉద్యోగంలో ఉండగా పోతే ఇంటివాళ్లకు వచ్చే) బీమా దానితోపాటే ఉంటుందండీ. అబ్బాయి విడిగా కట్టక్కర్లేదు. గరిష్ఠంగా 7 లక్షలు. బ్యాంకులో ఏడాదికి 436 రూపాయలతో ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమా, 20 రూపాయలతో సురక్ష బీమా తీసుకోమనండి, ఒక్కోటి 2 లక్షలు. సురక్ష ప్రమాదానికి మాత్రమే. కాంట్రాక్టర్ మారినా పాత యూఏఎన్ (పీఎఫ్ సభ్యుడి) నంబరే కొనసాగేలా చూసుకోవాలి, ఈ-నామినేషన్ (పీఎఫ్‌కు ఆన్‌లైన్లో నామినీ పేరు ఎక్కించడం) చేశాడో లేదో ఈ రాత్రికే అడగండి. దానికి ఆధార్, ఫొటో, నామినీ బ్యాంకు ఖాతా నంబరు దగ్గర పెట్టుకోవాలి.