డౌన్‌లోడ్స్‌లోని సెటప్ ఫైళ్లు తీసేయొచ్చా?

సీ డ్రైవ్ ఎర్రగా నిండిపోయింది, డౌన్‌లోడ్స్‌లోని సెటప్ ఫైళ్లు తీసేస్తే ప్రోగ్రాములు పోతాయేమోనని మీ భయం కదండీ. టెన్షన్ అక్కర్లేదు, పోవు. ఇన్‌స్టాల్ చేసినప్పుడే కావలసినవన్నీ ప్రోగ్రామ్ ఫైల్స్‌ లాంటి ఫోల్డర్లలోకి చేరిపోతాయి. మిగిలేది ఖాళీ అట్టపెట్టె లాంటిదే.

ఒక్క మెలిక ఉంది. పోర్టబుల్ ప్రోగ్రాములు ఇన్‌స్టాల్ కావు, ఆ డౌన్‌లోడ్ ఫైలే ప్రోగ్రాము. అనుమానం ఉంటే డెస్క్‌టాప్ షార్ట్‌కట్ మీద రైట్ క్లిక్ కొట్టి 'ఓపెన్ ఫైల్ లొకేషన్' చూడండి. అది డౌన్‌లోడ్స్‌లోనే తేలితే ముట్టుకోకండి.

క్రోమ్ లాంటి వాటి సెటప్ దాచడం దండగ. ఆ చిన్న ఫైలు అసలు సరుకును మళ్లీ నెట్ నుంచే దించుకుంటుంది. దాచాల్సినవి డ్రైవర్లు, అంటే కంప్యూటర్‌లోని పరికరాలను విండోస్‌తో పని చేయించే ప్రోగ్రాములు, ముఖ్యంగా వైఫైది, పాత ప్రింటర్‌ది. నా పాత ల్యాప్‌టాప్‌లో విండోస్ మళ్లీ వేస్తే వైఫై పని చేయలేదు. డ్రైవర్ కోసం నెట్ కావాలి, నెట్ కోసం డ్రైవర్ కావాలి! చివరికి ఫోన్‌కి యూఎస్‌బీ కేబుల్ తగిలించి టెథరింగ్‌తో, అంటే ఫోన్ నెట్‌నే ల్యాప్‌టాప్‌కి ఇచ్చి, బయటపడ్డాను. డబ్బు పెట్టి కొన్న ప్రోగ్రాముల పాత వెర్షన్లుంటే వాటి సెటప్‌లనూ లైసెన్స్ కీతో సహా పెన్‌డ్రైవ్‌లో పెట్టుకోండి.

అన్నట్టు, ఇంకా చోటు చాలలేదని సీ డ్రైవ్‌లో విండోస్ లోపలున్న 'ఇన్‌స్టాలర్' ఫోల్డర్ జోలికి మాత్రం వెళ్లకండి. అది దాచి ఉంటుంది, పెద్దదే. కానీ ప్రోగ్రాములు అప్‌డేట్ చేయాలన్నా, తీసేయాలన్నా అందులోని ఫైళ్లు కావాలి. దాని బదులు సెట్టింగ్స్‌లో స్టోరేజ్‌కి వెళ్లి టెంపరరీ ఫైళ్లు ఖాళీ చేయండి. అక్కడ డౌన్‌లోడ్స్ పక్కన టిక్ ఉంటే ముందు తీసేయండి, లేకపోతే ఫొటోలు, బిల్లులు కూడా ఊడ్చుకుపోతాయి.