విమ్‌లో టైపు చేస్తుంటే ఉన్న వరుసలు ఎందుకు పోతున్నాయి?

గుంటూరు నుంచి రాసిన మిత్రులకు నమస్కారం. విమ్ అనే టెక్స్ట్ ఎడిటర్ తెరిచి టైపు చేయబోతే ఉన్న వరుసలే మాయమవుతున్నాయనీ, రెండు వారాలైనా చేయి బాణం మీటల వైపే పోతోందనీ రాశారు. ఈ ఎడిటర్ నార్మల్ మోడ్‌లో తెరుచుకుంటుంది, అక్కడ ప్రతి మీటా ఒక ఆజ్ఞే. 'ఐ' నొక్కాకే టైపింగు మొదలవుతుంది. ఏదైనా పొరపాటున పోతే ఎస్కేప్ కొట్టి 'యు' నొక్కండి, తిరిగి వస్తుంది.

ఆజ్ఞలను బట్టీ పట్టకుండా క్రియ, కర్మ లాగా కలుపుకోండి: 'డి' అంటే తొలగించు, 'డబ్ల్యూ' అంటే పదం, రెండూ వరుసగా నొక్కితే పదం పోతుంది. మీ ప్రోగ్రామ్‌లోని ప్రింట్ ఆజ్ఞలో కోట్‌ల మధ్య "గుంటూరు" అని ఉందనుకుంటే, కర్సర్‌ను దానిమీద ఉంచి 'సి' (మార్చు), 'ఐ' (ఇక్కడ 'లోపల' అని), డబుల్ కోట్ వరుసగా నొక్కగానే ఆ మాట చెరిగి, అక్కడే "విజయవాడ" అని కొట్టుకునే వీలు కలుగుతుంది. తెలుగులో కొడితే మాత్రం ఎస్కేప్ తరువాత కీబోర్డును ఇంగ్లీషుకు మార్చాలి, లేదంటే ఆజ్ఞలు అందవు.

బాణాల బదులు హెచ్ (ఎడమ), జె (కింద), కె (పైన), ఎల్ (కుడి) వాడండి. విమ్‌కు మూలమైన వీఐ ఎడిటర్‌ను రూపొందించిన బిల్ జాయ్ వాడిన ఏడీఎం-3ఏ టెర్మినల్‌లో బాణం గుర్తులు ఆ మీటల మీదే ఉండేవి. ఈ రాత్రే టెర్మినల్‌లో విమ్‌ట్యూటర్ నడిపి, ఆ 30 నిమిషాల పాఠాన్ని చదవడంతో సరిపెట్టకుండా చేతులతో చేయండి.